యథాప్రకారముగా: మంచి రోజుల్లోనూ కష్టకాలంలోనూ విశ్వాసంలో నిలకడగా ఉండడం ఎలా

దానియేలు గ్రంథం 6వ అధ్యాయం అనగానే అందరికీ సింహాల గుహ గుర్తొస్తుంది. ఆ గుహ దగ్గరికి వెళ్లే తొందరలో 10వ వచనంలోని ఒక మాటను దాటేస్తుంటాం. 30 రోజుల పాటు రాజుకు తప్ప ఇంకెవరికీ విన్నపం చేయకూడదని, చేస్తే సింహాల గుహలో వేస్తారని శాసనం వచ్చింది. ఆ సంగతి తెలిసి కూడా దానియేలు ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న తన పైగదిలో "యథాప్రకారముగా అనుదినము ముమ్మారు మోకాళ్లూని" ప్రార్థించాడు, దేవుణ్ణి స్తుతించాడు. యథాప్రకారముగా, అంటే ఎప్పటిలాగే.

అదే అధ్యాయం మొదట్లో అతని పరిస్థితి చూడండి. రాజ్యంలో 120 మంది అధిపతులు, వాళ్ల మీద ముగ్గురు ప్రధానులు, ఆ ముగ్గురిలో ఇతను ఒకడు. రాజు ఇతణ్ణి రాజ్యమంతటి మీద నియమించాలని కూడా చూస్తున్నాడు. కొన్ని వచనాలు దాటేసరికి మరణశిక్ష. అంత ఎత్తులో ఉన్నప్పుడూ, అంత లోతుకు పడబోతున్నప్పుడూ ఆ పైగది, ఆ కిటికీ, ఆ మూడు పూటలు మారలేదు. పదవి వచ్చిందని ప్రార్థన తగ్గలేదు, ప్రాణం మీదికి వచ్చిందని కొత్తగా మొదలవలేదు.

నేను చాలా ఏళ్లు విశ్వాసాన్ని నా మనసులోని ఉత్సాహంతోనే కొలిచాను. ఆరాధనలో కళ్లు చెమర్చితే ఆత్మీయంగా బాగున్నానని, ప్రార్థన పొడిగా సాగితే దిగజారిపోయానని అనుకునేవాణ్ణి. అమ్మ జబ్బుపడిన ఏడాది ఆ కొలత ఎందుకూ పనికి రాలేదు. ఉత్సాహం ఒక్క చుక్క కూడా మిగల్లేదు. మిగిలింది చిన్నప్పుడు అమ్మే నేర్పిన ఒక అలవాటు, పడుకునే ముందు ఒక కీర్తన చదవడం. అర్థం మనసుకెక్కని రాత్రులు కూడా చదివాను. ఆ ఏడాది నన్ను దేవుని దగ్గర ఉంచింది ఆ అలవాటే. ఇక్కడ రాసేవి అప్పటి నుంచి నేను ఆచరిస్తున్నవి, ఇతర విశ్వాసులు ఆచరించగా చూసినవి.

మొదటి అడుగు: ఇప్పుడు ఎక్కడ ఉన్నారో ఒక కాగితం మీద రాయండి

ఐదు నిమిషాల పని ఇది. గత నెల రోజుల్లో మీ జీవితం ఎలా ఉంది? బాగా కలిసి వస్తోందా, కష్టంగా ఉందా, ఏ మార్పూ లేకుండా సాగిపోతోందా? ఒక వాక్యం రాయండి. దాని కింద, ఆ నెలలో ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు దేవునితో గడిపిన సమయం ఎంతో రాయండి. లెక్క తక్కువగా వచ్చినా నిజమే రాయండి. ఏ అడుగు మీకు ముందు అవసరమో ఈ కాగితమే చెబుతుంది. అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి.

రెండో అడుగు: మీ అతి చెడ్డ రోజున కూడా చేయగలిగినంత చిన్న క్రమం పెట్టుకోండి

చాలామంది పొరపడేది ఇక్కడే. ఉజ్జీవ కూటాల నుంచి ఇంటికి వచ్చిన వేడిలో "రేపటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థన" అని తీర్మానం చేసుకుంటాం. అది ఒక వారం నడుస్తుంది. తర్వాత ఒక రోజు తప్పుతుంది, తప్పానన్న సిగ్గుతో మరుసటి రోజూ తప్పుతుంది. కొన్నాళ్లకు అసలు బైబిల్ వైపు చూడాలంటేనే అపరాధ భావన. ఉత్సాహం ఉన్న రోజు వేసుకున్న లెక్క ఉత్సాహం లేని రోజును మోయలేదు.

కాబట్టి లెక్కను తిరగేసి వేయండి. ఒంట్లో బాగాలేని రోజు, ఆఫీసులో మాట పడిన రోజు, ఇంట్లో గొడవ జరిగిన రోజు మీరు ఎంత చేయగలరు? అదే మీ క్రమం. నా లెక్కలో అది 15 నిమిషాలు. ఓపిక ఉన్న రోజు ఎంతసేపైనా కూర్చోండి, ఎవరూ వద్దనరు. కానీ ఆ 15 నిమిషాలకు కింద మాత్రం దిగకండి.

ఆ 15 నిమిషాలను నేను వాడే పద్ధతి ఇది. ముందు ఒక కీర్తన, వీలైతే పైకి చదవండి. కీర్తనలు 150 ఉన్నాయి కాబట్టి రోజుకొకటి చొప్పున ఐదు నెలల్లో పూర్తవుతాయి. వరుసగా చదవడం ముఖ్యం. మన మూడ్‌కు తగినవే ఏరుకుంటే ఎప్పుడూ 23వ కీర్తన, 91వ కీర్తన దగ్గరే తిరుగుతాం. వరుసగా చదివితే సంతోషంగా ఉన్న రోజు ఏడ్చే కీర్తన ఎదురవుతుంది, అప్పుడు ఏడుస్తున్న ఇంకో విశ్వాసి మీకు గుర్తొస్తాడు. ఏడుస్తున్న రోజు స్తుతి కీర్తన వస్తుంది. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ ఇబ్బందే మీ ప్రార్థనను మీ కష్టసుఖాలకు అవతల ఉన్నవాళ్ల దాకా తీసుకెళ్తుంది.

తర్వాత సువార్తల్లో ఒక అధ్యాయం. నాలుగు సువార్తలూ కలిపితే 89 అధ్యాయాలు, సుమారు మూడు నెలలు. పొడవైన అధ్యాయమైతే రెండు రోజులకు పంచుకోండి. కొత్తగా మొదలుపెట్టేవారు 16 అధ్యాయాలే ఉన్న మార్కు సువార్తతో ఆరంభించడం మంచిది. చదివాక యేసు ఏం చేశాడో, ఏం అన్నాడో ఒక్క వాక్యంలో మీకు మీరే చెప్పుకోండి.

చివరగా ప్రార్థన. మాటలు రాకపోతే ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చెప్పండి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న చోట ఈ రోజుకు కావలసినవి మాత్రమే అడగండి. వచ్చే ఏడాది గురించిన టెన్షన్ అంతా ఈ పూటే తెచ్చి పెట్టుకోకండి. నిర్గమకాండం 16లో అరణ్యంలో ఉన్న ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా, అలాగే దొరికింది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. మోషే మాట వినకుండా మరుసటి ఉదయానికి దాచుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం విశ్రాంతి దినానికి కూడా సరిపడా రెండింతలు దొరికేది. నిరుడు మీకు కలిగిన గొప్ప ఆత్మీయ అనుభవం కూడా ఈ రోజు ఆహారానికి బదులు కాలేదు.

ఒకే చోటు, ఒకే సమయం పెట్టుకోండి. ఫోన్‌లో బైబిల్ చదివేవారైతే ఇంటర్నెట్ ఆపేసి చదవండి. పసిపిల్లలున్న తల్లులు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు మాత్రం కదలకుండా 15 నిమిషాలు దొరకలేదని బాధపడొద్దు. ఒక వచనాన్ని ఉదయం చదివి, పని చేస్తూ దాన్నే మళ్లీ మళ్లీ అనుకోవడం కూడా ధ్యానమే.

మూడో అడుగు: కలిసి వచ్చిన రోజుల్లో జాగ్రత్తపడండి

కష్టాల్లో విశ్వాసం ఎలా నిలుపుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి రోజుల గురించి ఎవరూ పెద్దగా హెచ్చరించరు. బైబిల్ హెచ్చరిస్తుంది. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో 40 ఏళ్ల అరణ్య ప్రయాణాన్ని గుర్తుచేసిన తర్వాత, తిని తృప్తి పొంది మంచి ఇళ్లు కట్టుకున్నాక దేవుణ్ణి మరిచిపోతారేమోనని మోషే ప్రజలను ప్రత్యేకంగా హెచ్చరిస్తాడు.

నాకు ఎప్పుడూ గుచ్చుకునే కథ రాజైన ఉజ్జియాది, 2 దినవృత్తాంతములు 26. పదహారేళ్లకు రాజై 52 ఏళ్లు ఏలాడు. గోపురాలు కట్టించాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టపడ్డాడు. మంచి రాజు. "అతడు స్థిరపడువరకు అతనికి ఆశ్చర్యకరమైన సహాయము కలిగెను" అని రాసి, వెంటనే తర్వాతి వచనంలో "స్థిరపడిన తరువాత అతడు మనస్సున గర్వించి చెడిపోయెను" అని ఉంటుంది. స్థిరపడడం! మనం పిల్లల కోసం ప్రతిరోజూ ప్రార్థించేది దానికోసమే కదా, జీవితంలో స్థిరపడాలని. ఆ మాట దగ్గరే ఉజ్జియా పడిపోయాడు. యాజకులు మాత్రమే వేయవలసిన ధూపం తానే వేయడానికి మందిరంలోకి వెళ్లాడు. ప్రధాన యాజకుడైన అజర్యాతో పాటు 80 మంది యాజకులు ఎదురు నిలిచి వద్దని చెబితే వాళ్ల మీద కోపగించాడు. అక్కడే అతనికి కుష్ఠు పుట్టింది.

ఇందులో నుంచి నేను తీసుకున్న పని మూడు సంగతులు. శుభవార్త వచ్చిన క్షణంలో ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఒక్క నిమిషం తలుపు వేసుకుని దేవునికి కృతజ్ఞత చెప్పండి. యేసు పదిమంది కుష్ఠురోగులను బాగు చేస్తే తిరిగి వచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది చెడ్డవాళ్లని లూకా రాయలేదు, తిరిగి రాలేదని మాత్రమే రాశాడు. రెండోది, ఈ మేలులో ఎవరెవరి చెయ్యి ఉందో పేర్లతో రాసుకుని వాళ్లకు చెప్పండి. మూడోది, మీ తప్పు మీ ముఖం మీదే చెప్పగలిగే మనిషిని, ముఖ్యంగా మీరు ఎదిగాక, దూరం చేసుకోకండి.

ఇంకొక సంగతి ఉంది, నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది. మంచి రోజును మీకు మీరు ఎలా వివరించుకుంటున్నారో గమనించండి. "నేను నమ్మకంగా ఉన్నాను కాబట్టి దేవుడు ఈ ప్రమోషన్ ఇచ్చాడు" అని ఈ రోజు సాక్ష్యం చెబితే, రేపు ఆ ఉద్యోగమే పోయినప్పుడు అదే లెక్క తిరగబడి మీ మీదే పడుతుంది. "నేను ఏదో తప్పు చేశాను, దేవుడు నన్ను వదిలేశాడు" అని మనసు దానంతట అదే అనేస్తుంది. కష్టకాలంలో కూలిపోయే విశ్వాసానికి చాలాసార్లు పగులు మంచి రోజుల్లోనే పడి ఉంటుంది. మేలు వచ్చినప్పుడు "నేను అర్హుణ్ణి కాకపోయినా ఆయన ఇచ్చాడు" అనడం అలవాటు చేసుకుంటే, అది పోయిన రోజు కూడా ఆయన ప్రేమను అనుమానించాల్సిన పని ఉండదు.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీ 4:13ను పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు తరచూ వాడతాం. దాని పైనున్న రెండు వచనాలు కూడా కలిపి చదవండి. సంకెళ్లలో ఉన్న పౌలు అక్కడ మాట్లాడుతున్నది కడుపు నిండి ఉండడం గురించి, ఆకలిగొని ఉండడం గురించి. దీనస్థితిలో ఎలా ఉండాలో, సంపన్నస్థితిలో ఎలా ఉండాలో రెండూ తనకు తెలుసంటున్నాడు. అదీ "నేర్చుకొనియున్నాను" అంటున్నాడు. అంతటి అపొస్తలుడికే అది నేర్చుకోవలసి వచ్చిందంటే మనకు సమయం పడుతుంది, కంగారుపడొద్దు.

నాలుగో అడుగు: ఒక నోట్‌బుక్ పెట్టండి

సమూయేలు మిస్పాకు షేనుకు మధ్య ఒక రాయి నిలిపి దానికి ఎబెనెజరు (సహాయపు రాయి) అని పేరు పెట్టి, "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడు. మన రాయి ఒక మామూలు నోట్‌బుక్. తేదీ వేయండి, ఏం అడిగారో రాయండి, జవాబు వచ్చిన రోజు దాని పక్కనే రాయండి. జవాబు రానివి కొట్టేయకండి, ఖాళీగా ఉంచండి. మన జ్ఞాపకం కష్టం వచ్చినప్పుడు మనల్ని మోసం చేస్తుంది, దేవుడు ఎప్పుడూ ఏమీ చేయలేదని నమ్మిస్తుంది. అప్పుడు మీ చేతిరాతే మీకు సాక్ష్యం.

ఐదో అడుగు: కుంగిపోయిన రోజుల్లో ఈ వరుసలో చేయండి

ముందు శరీరం సంగతి చూడండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం తర్వాత ప్రవక్త ఏలీయా యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని చనిపోతే బాగుండునని ప్రార్థించాడు (1 రాజులు 19). దేవుడు ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. రెండోసారి "నీ శక్తికి మించిన ప్రయాణము" అని కూడా అన్నాడు, అంటే అతని బలహీనత దేవునికి తెలుసు. ప్రశ్న అడగడం, నిమ్మళమైన స్వరంతో మాట్లాడడం తర్వాత హోరేబు కొండ దగ్గర జరిగాయి. కాబట్టి వరుసగా కొన్ని రాత్రులు నిద్రలేకుండా ఉండి "నా విశ్వాసం పోయింది" అని తేల్చేయకండి. పడుకోండి. తినండి. తర్వాత చూద్దాం.

రెండోది, దేవుని ముందు ఏడవడం నేర్చుకోండి. "క్రైస్తవుడు ఎప్పుడూ సంతోషంగా ఉండాలి" అని ముఖానికి నవ్వు అతికించుకోవడం బైబిల్ నేర్పేది కాదు. 13వ కీర్తనలో ఆరే వచనాలున్నాయి. మొదటి రెండు వచనాల్లో దావీదు "ఎంతకాలం" అనే అర్థంలో నాలుగుసార్లు అడుగుతాడు, నన్ను మరిచిపోయావా అంటాడు. 3, 4 వచనాల్లో కావలసింది అడుగుతాడు. 5, 6 వచనాల్లో నీ కృపను నమ్ముకున్నానంటాడు. ఈ నమూనాలో మీ సొంత కీర్తన రాయండి. "దేవా, ఎంతకాలం..." అని మొదలుపెట్టి మీ విషయం పేరు పెట్టి చెప్పండి, అప్పు అయితే అప్పు, సంతానం లేకపోతే సంతానం. తర్వాత అడగండి. చివరి భాగం రాయడానికి మనసు రాకపోతే ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన రాసిన భక్తుడు చీకటితోనే ముగించాడు, అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. ఆ కీర్తన కూడా దేవునితోనే మాట్లాడుతోంది, అది గమనించండి. ఆయనతో పోట్లాడుతున్నంతసేపూ మీరు ఆయన దగ్గరే ఉన్నారు.

ఏ మాటా రాకపోతే? రోమా 8:26 ప్రకారం ఆత్మయే మాటలకందని మూలుగులతో మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడు. కూర్చోండి చాలు.

మూడోది, చీకటిలో ఉన్నప్పుడు పెద్ద నిర్ణయాలు మార్చకండి. 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి మంచాన పడి, అక్కడి నుంచి దేవుని వైపు తిరిగిన ఇగ్నేషియస్ లొయోలా ఇదే సలహా ఇచ్చాడు. మనసు ఎండిపోయి నిరాశలో ఉన్నప్పుడు ఏ మార్పూ చేయొద్దు, అంతకుముందు నెమ్మదిగా ఉన్నప్పుడు చేసుకున్న తీర్మానంలోనే నిలబడమన్నాడు. సంఘం వదిలేయాలని, పరిచర్య మానేయాలని, ఇక ప్రార్థన వద్దని ఆ రోజుల్లో బలంగా అనిపిస్తుంది. తేదీ వేసి రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత, వెలుగులో ఉన్నప్పుడు మళ్లీ చూడండి. సంఘంలో మీకు నిజంగా హాని జరుగుతుంటే మాత్రం ఆగొద్దు, నమ్మకమైన మనిషికి చెప్పి బయటికి రండి. ఈ సలహా దానికి వర్తించదు.

నాలుగోది, డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి వెనుకాడకండి. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పూర్తిగా మారిపోవడం, చావాలన్న ఆలోచనలు రావడం లాంటివి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. చావు ఆలోచనలు వస్తుంటే ఈ రోజే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి. ప్రసిద్ధ ప్రసంగీకుడు చార్లెస్ స్పర్జన్ 22 ఏళ్ల వయసులో, 1856 అక్టోబరు 19న, లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాలులో ఎవరో "మంటలు" అని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బ ఆయన మనసులో చివరిదాకా ఉంది. జీవితమంతా మళ్లీ మళ్లీ కుంగుబాటు వచ్చేది, దాని గురించి ఆయన శిష్యులతో దాపరికం లేకుండా మాట్లాడాడు. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరంటారు?

ఆరో అడుగు: ఎత్తూ పల్లమూ లేని రోజులు

జీవితంలో ఎక్కువ రోజులు ఇవే. పెద్ద కష్టం లేదు, పెద్ద సంతోషమూ లేదు, ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. ముందు ఒకసారి నిజాయితీగా చూసుకోండి. ఒప్పుకోని పాపం ఏదైనా ఉందా? 32వ కీర్తనలో దావీదు, నేను మౌనంగా ఉన్నంతకాలం నా ఎముకలు క్షీణించాయంటాడు. ఉంటే ఒప్పుకోండి, క్షమాపణ అడగవలసిన మనిషి దగ్గరికి వెళ్లండి. ఏమీ కనిపించకపోతే తవ్వుతూ కూర్చోవద్దు. పొడిదనం ప్రతిసారీ శిక్ష కాదు. మదర్ థెరిసా చనిపోయిన పదేళ్లకు, 2007లో, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. దేవుడు దగ్గరున్నాడన్న అనుభూతి ఆమెకు దశాబ్దాల పాటు లేదు. అయినా ఉదయం లేచి ప్రార్థించారు, రోగుల దగ్గరికి వెళ్లారు.

ఈ రోజుల్లో చేయవలసింది మీ 15 నిమిషాలే. దాంతో పాటు వారానికి ఒకసారైనా మీకంటే కష్టంలో ఉన్నవారికి చేతనైన ఒక పని చేయండి. కారణం చెప్పలేను గానీ, రోగిని చూడడానికి వెళ్లి వచ్చిన సాయంత్రం నా ప్రార్థనకు మళ్లీ ప్రాణం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఏడో అడుగు: అనుమానాన్ని యేసు దగ్గరికే పంపండి

బాప్తిస్మమిచ్చు యోహాను ఒకప్పుడు యేసును చూపించి "ఇదిగో దేవుని గొఱ్ఱెపిల్ల" అన్నవాడు. చెరసాలలో పడ్డాక శిష్యులను పంపి "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా" అని అడిగించాడు. యేసు గద్దించలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, మీరు కన్నవీ విన్నవీ వెళ్లి చెప్పండన్నాడు. వాళ్లు వెళ్లగానే జనం ముందు యోహానును మెచ్చుకున్నాడు.

మీ ప్రశ్నను కూడా ఒక వాక్యంగా రాయండి. "అంతా అబద్ధమేమో" అన్నంత పెద్దగా ఉంటే దానికి జవాబు వెతకలేరు. "అమ్మ కోసం అంత ప్రార్థించినా ఎందుకు వినలేదు?" అన్నది ఒక ప్రశ్న. దాన్ని దేవునితో అనండి, వాక్యం తెలిసిన పెద్దలతో అనండి, చదవండి. నా ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు దొరికింది, కొన్నింటికి ఇంకా దొరకలేదు. దొరకని వాటితో నేను ఎక్కువగా చేసే ప్రార్థన మార్కు 9లో దయ్యం పట్టిన కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి చేసినదే, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." అంత నిజాయితీగా అడిగినవాడి కొడుకును యేసు బాగు చేశాడు.

ఎనిమిదో అడుగు: మిమ్మల్ని మోసే ఇద్దరిని ముందే వెతుక్కోండి

మార్కు 2లో పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉంటే ఇంటి కప్పు విప్పి దించారు. యేసు "వారి విశ్వాసము చూచి" అతనితో మాట్లాడాడు. వారి, అంటే మోసినవాళ్లది కూడా. కాబట్టి మీకు నమ్మే శక్తి లేని రోజున మీ కోసం నమ్మేవాళ్లు ఉండాలి.

ఇద్దరు చాలు. మీ మాట బయటపెట్టనివాళ్లు, మీ కంటే కొంచెం ఎక్కువ చూసినవాళ్లు అయితే మంచిది. కష్టం వచ్చాక వెతికితే దొరకరు, ఇప్పుడే వారానికోసారి పది నిమిషాలు మాట్లాడుకుని కలిసి ప్రార్థించే అలవాటు చేసుకోండి. "నా కోసం ప్రార్థించండి" అని ఊరుకోకుండా విషయం చెప్పండి. "ఈ గురువారం మీటింగ్‌లో నాకు కోపం రాకుండా" అంటే వాళ్లు గురువారం గుర్తుపెట్టుకుంటారు. ఆదివారం ఆరాధనను, ప్రభువు బల్లను మాత్రం మనసు ఉన్నా లేకపోయినా మానకండి. పాడలేకపోతే వినండి. చుట్టూ ఉన్నవాళ్లు మీ వంతు కూడా పాడతారు.

మీరు మోసేవారి స్థానంలో ఉంటే ఒక మాట. అమ్మ ఆసుపత్రిలో ఉండగా ఒక విశ్వాసి వచ్చి, ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువై ఉంటుందని అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ మాట అమ్మ విన్నది. ఆ తర్వాత చాలా రాత్రులు తనకే విశ్వాసం లేదేమోనని నన్ను అడిగేది. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే, నోరు తెరిచాకే తప్పులు మొదలయ్యాయి. భోజనం తీసుకెళ్లండి, బిల్లు కట్టే లైనులో నిలబడండి, ఒక కీర్తన చదివి రండి. కారణాలు చెప్పకండి.

తొమ్మిదో అడుగు: తప్పిపోయాక తిరిగి మొదలుపెట్టడం

ఇవన్నీ చేసినా మీరు ఏదో ఒక రోజు ఆగిపోతారు. వారం, నెల, కొందరికి సంవత్సరాలు. తిరిగి వచ్చినప్పుడు బాకీలు తీర్చాలని చూడకండి. చదవకుండా వదిలేసిన అధ్యాయాలన్నీ ఒకేసారి చదవడం, దానికి శిక్షగా ఉపవాసం పెట్టుకోవడం వద్దు. ఆ రోజు కీర్తన ఏదో అదే తెరవండి.

పేతురు పడిపోకముందే యేసు అతనితో "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. నువ్వు పడవని అనలేదు. నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుమన్నాడు, అంటే పడడమూ తిరిగి రావడమూ రెండూ ఆ ప్రార్థనలో ముందే ఉన్నాయి. పేతురు బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయన ఎవరో తెలియదన్నాడు. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ ఒక బొగ్గుల మంట, దాని మీద చేపలు, పక్కన రొట్టె. రాత్రంతా వల వేసి అలసిపోయి వచ్చిన వాళ్లతో యేసు అన్న మాట "రండి, భోజనము చేయుడి." నన్ను ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న వాళ్లు తిన్న తర్వాతే అడిగాడు.

చాలాకాలం తర్వాత మొదలుపెడుతున్నారా? రేపు ఉదయం ఆ అధ్యాయమే తెరవండి, యోహాను 21.